ఇత్తడి బిళ్ళ

బళ్ళో పిల్లలు నన్ను బాణాల టీచరు అంటారు. నా ఎదుట అనరు, అంత ధైర్యం లేదు. ప్రమేయాల పాఠం వచ్చిందంటే బోర్డు నిండా బాణాలే మరి. ఎడమవైపు ఒక గుండ్రం, కుడివైపు ఒక గుండ్రం, రెండింట్లోనూ చుక్కలు. అటు నుంచి ఇటు బాణాలు ఎలా గీసినా అది సంబంధమే. ప్రమేయం కావాలంటే మాత్రం ఎడమవైపు ప్రతి చుక్క నుంచీ ఒక్క బాణమే బయలుదేరాలి. ఒకే చుక్క నుంచి రెండు బాణాలు పోయాయా, సున్నా మార్కులు. ఆ ఉదయం అదే చెబుతూ గొంతు చించుకుంటుంటే హెడ్మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మా తమ్ముడు పనిచేసే రంగుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలిందని చెప్పారు.

అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. తిట్టాను, కొట్టాను, కడుపులో పెట్టుకుని చూసుకున్నాను. బాయిలరు దగ్గర పని వద్దురా అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఆసుపత్రిలో శవాల గది బయట గుమాస్తా బల్ల వేసుకుని కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు, అలిసిపోయి ఉన్నాడు. కవరులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి నా ముందు పెట్టాడు. నల్లగా మాడినా దాని మీది అంకె కనిపిస్తోంది.

"ఇది మీ తమ్ముడి పేరు మీద ఉందని ఫ్యాక్టరీవాళ్ళు చెప్పారమ్మా. దొరికినప్పుడు గుప్పిట్లో ఉంది. మొహం చూడకండి, గుర్తుపట్టడానికేం మిగల్లేదు. సంతకం పెట్టి తీసుకెళ్ళండి."

కలం అందుకున్నాను. అప్పుడు కనిపించింది గోడ పక్కన చతికిలబడి ఉన్న ఆవిడ. మా తమ్ముడి జోడీ వాళ్ళమ్మ. పగలు మావాడు చేసే పనే రాత్రి చేసేవాడు వాళ్ళబ్బాయి. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే బక్క ఒళ్ళు.

"మీవాడేడీ?" అన్నాను.

"లేడంటున్నారమ్మా. వాడి పేరు మీద బిళ్ళ లేదంట. బిళ్ళ లేకపోతే అసలు లోపలికే రానట్టంట. నిన్న సాయంత్రం నా కళ్ళ ముందే పనికెళ్ళాడు."

నా చెయ్యి ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీలో బిళ్ళ ఇచ్చేది మనిషికి కాదు, యంత్రానికి. పని దిగేవాడు బాయిలరు తలుపు దగ్గర మెడలోంచి తీసి పని ఎక్కేవాడి చేతికిస్తాడు. పాతవాడు కాబట్టి మావాడి పేరు రాసుకున్నారు, రెండోవాడి పేరు ఎవరూ రాయలేదు. "ఒకే తాడుకి రెండు మెడలక్కా మేం" అని తమ్ముడు నవ్వుతూ చెప్పేవాడు. బాయిలరు పేలింది సరిగ్గా ఆ చేతులు మారే వేళకే. దొరికింది ఒక్కడు. రెండోవాడు బూడిదలో కలిసిపోయాడు. గుప్పిట్లో బిళ్ళ పట్టుకున్నది ఇస్తున్నవాడో, తీసుకున్నవాడో.

నోరు మూసుకుని సంతకం పెడితే తమ్ముడు నాకు దక్కుతాడు. పెట్టేయాలనే అనిపించింది. నా తమ్ముడే అయ్యుండొచ్చు కదా. ఆవిడ మీద ఒళ్ళు మండింది కూడా, కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా అని. ఆవిడ మాత్రం నన్నేమీ అడగలేదు, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"ఈ బిళ్ళ ఇద్దరిది," అన్నాను గుమాస్తాతో. సంగతంతా చెప్పాను.

అతను తల పట్టుకున్నాడు. "ఒక బిళ్ళకి ఒక్క మనిషేనమ్మా, నాకు తెలిసిన లెక్క అది. ఇప్పుడు ఇద్దరని చెబితే నేనెవరికిచ్చేది? పరీక్షలకి పంపితే ఎప్పటికొస్తాయో తెలీదు. అన్నాళ్ళు ఇక్కడ ఉంచలేం."

అతని తప్పేం లేదు. ఒకే చుక్క నుంచి రెండు బాణాలు పోతే నేనూ సున్నాయే వేస్తాను.

"బిళ్ళ వైపు నుంచి చూస్తే కుదరదు," అన్నాను. "మనుషుల వైపు నుంచి చూడండి. ఇద్దరికీ కలిపి ఒకటే గొయ్యి. ఇద్దరం తీసుకెళ్తాం, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకోండి."

ఆవిడ నన్ను పట్టుకుని బావురుమంది. సంతకం రాదు, వేలిముద్ర వేసింది.

గొయ్యి దగ్గర ఆవిడ కొడుకుని పిలిచి ఏడ్చింది, నేను తమ్ముణ్ణి పిలిచి ఏడ్చాను. ఇద్దరిలో ఎవరో ఒకరం పరాయి బిడ్డ మీద మట్టి వేశాం.

బడికి వెళ్ళాక ఆగిపోయిన పాఠం మళ్ళీ ఎత్తుకున్నాను. ఎడమ గుండ్రంలో రెండు చుక్కలు పెట్టాను, కుడి గుండ్రంలో ఒకటి. రెండు చుక్కల నుంచీ ఆ ఒక్క చుక్కకే బాణాలు గీశాను.

"ఇది ప్రమేయమే. రెండు చుక్కలు ఒకే చోటికి వెళ్ళొచ్చు, తప్పులేదు. రాసుకోండి."

ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "మరి ఆ చుక్క నుంచి వెనక్కి బాణం గీస్తే ఏ చుక్క దగ్గరికెళ్తుంది టీచర్?"

వేరే రోజైతే, అది తర్వాతి పాఠం, నోరు మూసుకుని కూర్చో అని కసిరేదాన్ని. సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

"నాకు తెలీదమ్మా," అన్నాను.