పై అంతస్తు నేల

ఆ బట్టల దుకాణం మూతపడి చాలా ఏళ్ళయింది. ఊరి నడిబొడ్డున, ఒకప్పుడు కాలు పెట్టడానికి చోటు దొరకని వీధిలో, అద్దాలకు లోపలి నుంచి పాత కాగితాలు అంటించుకుని పడి ఉంది. పక్కనున్న చెప్పుల కొట్టూ, ఆ పక్కన రేడియోలు బాగుచేసే కొట్టూ అంతే. ఇలాంటి ఖాళీ భవనాలను తక్కువ అద్దెకు కళాకారులకు ఇప్పిస్తే జనం మళ్ళీ ఇటు వస్తారని, జనం వెనకే పెట్టుబడి పెట్టేవాళ్ళూ వస్తారని నగరపాలక సంస్థ ఒక పథకం మొదలుపెట్టింది. పథకం నడపడానికి ఒక డైరెక్టరును వేసింది. ఏ భవనం మనుషులు తిరగడానికి పనికొస్తుందో చూసి చెప్పడానికి ఒక ఇంజనీరును వేసింది.

ఇంజనీరుకు నలభై దాటాయి. తల్లితో, చెల్లెలితో కలిసి ఉంటుంది. చెల్లెలు నాట్యం నేర్పుతుంది. చిన్నప్పుడు ఒకచోట నిలవక ఇల్లంతా గిరగిరా తిరుగుతుంటే అక్క ఆమెను బొంగరం అని పిలిచింది. ఆ పేరే ఖాయమైపోయింది. బొంగరానికి సొంత చోటంటూ ఏనాడూ లేదు. బడి వరండాలో, కార్లు నిలిపే షెడ్డులో, పక్కింటివాళ్ళు వచ్చి తలుపు బాదేదాకా ఎవరింటి మేడ మీదో, అలా నెట్టుకొచ్చింది. అందుకే దుకాణం పై అంతస్తు హాలు తనకిచ్చారని తెలిసిన రోజు పరుగెత్తుకుంటూ వచ్చి, తల్లిని రెండు చేతులా ఎత్తి తిప్పేసింది.

"దించవే, నడుం పోతుంది!" అని అరుస్తూనే తల్లి నవ్వింది.

ఆ హాలు బాగానే ఉందని చెప్పింది ఇంజనీరే. అయితే అప్పుడు అనుకున్నది బొమ్మల ప్రదర్శన. గోడలకు బొమ్మలు, వాటి ముందు నెమ్మదిగా నడిచే మనుషులు. నాట్యానికి కింద స్తంభాలు అడ్డొస్తున్నాయని డైరెక్టరు తర్వాత బొమ్మల్ని కిందికి దించి, నాట్యాన్ని పైకి ఎక్కించాడు. ఆ మార్పు అక్కకు చెల్లెలి సంబరంలోనే తెలిసింది. ఆ సంబరం ముందు వేరే ఆలోచన ఏదీ నిలవలేదు.

ప్రారంభోత్సవం శనివారం. మంగళవారం మధ్యాహ్నం చెల్లెలు మరిచిపోయిన అన్నం డబ్బా తీసుకుని ఇంజనీరు అటు వెళ్ళింది. కింద కుండలు చేసే ఆవిడ పచ్చి గిన్నెల మీద వార్తాపత్రికలు కప్పుతోంది.

"ఎందుకండీ అవి?" అని అడిగింది ఇంజనీరు.

"పైనుంచి సున్నం రాలుతోందమ్మా. మీ చెల్లెలి శిష్యురాళ్ళు మంచి ఊపు మీదున్నారు. పోనీలెండి, ఎవరూ లేని కొంపలా ఉండేకంటే ఈ చప్పుడే నయం."

ఇంజనీరు తలెత్తి చూసింది. పూలతీగలు పోసిన పాత సున్నపు కప్పు. బొమ్మలు వేసే ముసలాయన వారాల తరబడి నిచ్చెన మీద వెల్లకిలా పడుకుని దానికి మళ్ళీ రంగులు వేశాడు. ఒక తీగ పక్కన సన్నటి గీత కనిపించింది. అది రంగు ఎండి విచ్చిందో, మరేదైనానో కింద నుంచి తెలియలేదు.

ఆమె పైకి వెళ్ళింది. అమ్మాయిలు వరసల్లో నిలబడి ఉన్నారు. అందరూ ఒక్కసారి ఎగిరి ఒక్కసారి దిగారు. గుమ్మంలో నిలబడ్డ ఆమె అరికాళ్ళకు అది తగిలింది. ఆమెను బెదరగొట్టింది ఆ దెబ్బ కాదు, దాని తర్వాత వచ్చిన ఊపు. నేల కాస్త లోపలికి పోయి, పోయినదానికంటే ఆలస్యంగా తిరిగొచ్చినట్టు అనిపించింది.

డబ్బా అక్కడ పెట్టి దిగిపోయింది. భవనం వెనక్కి వెళ్ళి చూసింది. పైనుంచి వచ్చే వాననీటి గొట్టం ఎప్పుడో విరిగినట్టుంది. ఆ గోడంతా పచ్చగా పాకుడు పట్టి ఉంది. సరిగ్గా గొట్టం విరిగిన ఎత్తులోనే, గోడ లోపల, పై అంతస్తును మోసే కర్ర దూలాల చివరలు ఉంటాయి.

ఆ రోజు నుంచి ఆమె మనసు మనసులో లేదు. ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. లేచి నిలబడితే ఎందుకు లేచిందో తెలియదు. ఇంట్లో అన్నం కలిపి, తినకుండా మళ్ళీ మళ్ళీ కలిపింది.

"కాలు గాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే?" అంది తల్లి. "ఒంట్లో బాలేదా?"

"బానే ఉందమ్మా."

బొంగరం ఎదురుగా కూర్చుని శనివారం ఎవరెవరు వస్తారో గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. అక్క ఆమె మొహం చూసి ముద్ద మింగింది.

బుధవారం డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. కప్పు ఒకచోట కోసి దూలాలు చూడాలంది. ఆయన చేతిలో కలం కింద పెట్టేశాడు.

"ఇప్పుడా? మేడం, ఆ కప్పు చూడటానికే సగం మంది వస్తున్నారు. శనివారం అవనివ్వండి, తర్వాత మీ ఇష్టం. ఆ పైన ఒకప్పుడు బట్టల బేళ్ళు నిలువెత్తు పేర్చేవాళ్ళు. ఈ బక్క పిల్లలు ఎంత?"

"బేళ్ళు పెట్టినచోట పడుంటాయి సార్. వీళ్ళు అందరూ కలిసి దూకుతారు."

"పడిపోతుందంటారా మరి?"

తెలియదనడానికి ఆమెకు నోరు రాలేదు. బయటికొచ్చి ఆ వీధిలోనే ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. చెప్పుల కొట్టు అద్దాలు ఎవరో కడుగుతున్నారు. కొత్తగా పెట్టిన కాఫీ బండి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. వీధి నిజంగానే కళ్ళు తెరుస్తోంది. తను నోరు విప్పితే మళ్ళీ మూసుకుంటుందేమో.

గురువారం పొద్దున మళ్ళీ మెట్లెక్కింది. ఆమెను చూడగానే బొంగరం మొహం వెలిగిపోయింది.

"అక్కా! చూడటానికొచ్చావా? ఏయ్ పిల్లలూ, మొదట్నుంచి వేద్దాం. మా అక్క ఇంతవరకూ ఒక్కసారి కూడా పూర్తిగా చూళ్ళేదు!"

కాదనలేక ఇంజనీరు గోడ వారగా నేల మీద కూర్చుని, అరచేయి చెక్కలకు ఆనించింది. నాట్యం బాగుంది. తను అనుకున్నదానికంటే చాలా బాగుంది. చెల్లెలు ఒళ్ళు మరిచి ఆడుతుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. అదే సమయంలో అరచేతి కింద నేల పోయి వస్తోంది, పోయి వస్తోంది. చివరి దూకు అయ్యేదాకా ఆపమనలేకపోయింది. అయ్యాక అమ్మాయిలను కిందికి పంపించమంది.

"ఈ హాలు మూసేస్తున్నానే."

బొంగరం చెమట తుడుచుకుంటున్న చేతిని అలాగే ఆపింది. "ఏం?"

"నేల నాకు నచ్చలేదు. కప్పు తెరిచి చూసేదాకా ఇక్కడ ఎవరూ దూకకూడదు."

"ఎల్లుండి ప్రోగ్రాం పెట్టుకుని ఇవాళ చెప్తావా? పడిపోద్దని నీకు తెలుసా, భయమా?"

"తెలీదు. తెలీకే చెప్తున్నా."

"తెలీకుండానే నా గొంతు కోసేస్తావన్నమాట!"

"తెలిసేదాకా ఆగితే..." అని అక్క మాట పూర్తి చేయలేకపోయింది. కింద అమ్మాయిల నవ్వులు వినిపిస్తున్నాయి.

బొంగరం జోళ్ళు చేత్తో పట్టుకుని ఉత్తి కాళ్ళతోనే దిగి వెళ్ళిపోయింది. ఇంజనీరు మెట్ల తలుపుకు తాళం వేసి ఆఫీసు ముద్ర పెట్టింది. డైరెక్టరు ఫోనులో అరిచాడు, బతిమాలాడు, పైవాళ్ళతో చెబుతానన్నాడు. ఆమె అన్నిటికీ "సరే సార్" అంది గాని తాళం మాత్రం తీయలేదు. ఆ రోజు చెల్లెలు ఇంటికి రాలేదు. తల్లి ఎవరి పక్కా మాట్లాడకుండా గిన్నెలు మాత్రం చప్పుడయ్యేలా పెట్టింది.

శనివారం నాట్యం కింది అంతస్తులో, స్తంభాల మధ్యే జరిగింది. దూకులన్నీ తీసేశారు. ఒకమ్మాయి భుజం స్తంభానికి కొట్టుకుంది. వెనక నిలబడ్డవాళ్ళకు సగం కనపడలేదు. మధ్యలోనే కొందరు కదిలి గిన్నెలు చూడటానికి వెళ్ళారు. అందరూ చప్పట్లు కొట్టారు, మర్యాదకు కొట్టినట్టు కొట్టారు. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క వైపు బొంగరం ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాతి వారం కప్పు తెరిచారు. వడ్రంగి రంపం పెడుతుంటే బొమ్మల ముసలాయన బయటికి వెళ్ళి వీధిలో నిలబడ్డాడు. తన పూలతీగ ముక్కలై కిందికి దిగుతుంటే చూడలేకపోయాడు. బొంగరం మాత్రం వచ్చింది. నిచ్చెన పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

మధ్య దూలాలు ఇనుపకడ్డీల్లా ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని తట్టి "ఇది బాగుంది, ఇదీ బాగుంది" అని వడ్రంగి చెబుతున్నకొద్దీ ఇంజనీరుకు ఒళ్ళు చల్లబడింది. అన్నీ బాగుంటే? చెల్లెలి మొహం ఇక ఎలా చూడటం? తను కోరుకుంటున్నది పుచ్చిన కర్రనా అని తన మీద తనకే అసహ్యమేసింది.

వెనక గోడ దగ్గర ఒక దూలం కొసలో మాత్రం వడ్రంగి గుచ్చిన స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిపోయింది. పక్కదానిలోనూ అంతే.

"ఈ రెండిటి కొసలూ నానిపోయాయండి," అన్నాడు వడ్రంగి.

"పడేదా?" బొంగరం అడిగింది.

"ఏం చెప్తామమ్మా. పక్కవి మోస్తే మోసేవి. ఆ రోజే ఊడితే ఊడేది."

బొంగరం నిచ్చెనెక్కి ఆ సందులో చేయి పెట్టింది. తడిసిన కర్రపొడి గుప్పెడు తీసి అక్కకు చూపించింది. "ఈ గుప్పెడు పొడి కోసం నా ప్రోగ్రాం పోయింది." కోపమే. కానీ దిగబోతూ పై మెట్టు మీదే ఆగిపోయింది. అక్క చేయి చాచింది. ఆ చేయి పట్టుకునే దిగింది.

భవనం యజమాని రెండు దూలాలూ మార్పించాడు. పనిలో పనిగా హాలంతా నున్నగా చేయించి, అద్దె పెంచి, కంప్యూటర్ల కంపెనీకి ఇచ్చేశాడు. డైరెక్టరు దాన్నే పథకం విజయమని చెప్పుకున్నాడు. ఇంజనీరు ఆయన గదికి వెళ్ళి గొడవపడింది. ఏం లాభం లేకపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు అక్కాచెల్లెళ్ళ మధ్య "ఉప్పు అందుకో", "తలుపేసుకో" తప్ప మాటల్లేవు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున బొంగరం ఆఫీసుకే ఫోను చేసింది.

"వీధి చివర పాత ప్రెస్సు షెడ్డు లేదూ? అది ఇస్తామంటున్నారు. నేనింకా ఊ అన్లేదు. నువ్వు ముందు చూడు."

ఇంజనీరు చేతిలో పని చేతిలో ఉండగానే లేచింది. అచ్చుయంత్రాలు మోసిన షెడ్డు అది. కింద ఇంకో అంతస్తు లేదు, నేలంతా రాతి పలకలు. అమ్మాయిలు గోడల వెంట నిలబడి ఆమెనే చూస్తున్నారు. ఆమె వంగి పలకల సందులు చూసింది. మూలలకు వెళ్ళి తట్టింది.

"తట్టింది చాల్లే. దూకు," అంది బొంగరం.

"నేనా? నాకు రాదే."

"రావడమేంటి? దూకడమే కదా. నువ్వు దూకితేగాని నేనిక్కడ అడుగెయ్యను."

ఇంజనీరు చేతిసంచీ కింద పెట్టి, జోళ్ళు విప్పి, ఇబ్బందిగా ఒకసారి ఎగిరి దిగింది. చల్లటి రాయి అరికాళ్ళను చుర్రుమనిపించింది. ఉలుకూ పలుకూ లేదు దానికి. మళ్ళీ ఎగిరింది, ఈసారి కాస్త గట్టిగా. అమ్మాయిలు కిసుక్కుమన్నారు.

"ఏమంటోంది?" అని అడిగింది బొంగరం.

"నేల బానే ఉంది," అంటూ ఇంజనీరు తలెత్తి పైన రేకుల కేసి చూడటం మొదలుపెట్టింది. "నిచ్చెన ఉందా ఇక్కడ?"