వాక్కాయ పండితే

"ఈసారి పచ్చడి సీసాలు జర ఎక్కువ పెట్టు కోమలా. పోయినేడు కోతపండుగకు ఎవలికీ సరిపోలే" అన్నాడు డానియల్, ఆఫీసుకు బూట్లు తొడుక్కుంటూ, ఇంటి ముందున్న వాక్కాయ చెట్టు వైపు చూసి. కోమల బియ్యం కడిగిన నీళ్లు బకెట్లోకి వంపుకుంటోంది. ఆ నీళ్లు తీసుకెళ్లి చెట్టు మొదట్లో పోసింది.

మోత్కూరు చివర కట్టుకున్న ఆ ఇంటి ముందు జాగా అంతా ఎర్రటి గరుకు నేల. ఎండాకాలం ఇంకా రాకముందే బోరు చేతులెత్తేస్తుంది. మొదట్లో డానియల్ అక్కడ గులాబీలు పెట్టాడు, పచ్చగడ్డి పరిచాడు. రెండూ మాడిపోయాయి. అవి పోయిన చోటే కోమల, పుట్టింటి దగ్గరి గుట్ట కింద నుంచి తెచ్చుకున్న వాక్కాయ మొక్కను నాటింది. "ఇంటి ముంగట ముండ్లకంప ఎవలన్న పెడ్తరా? మంది నవ్వుతరు" అన్నాడు డానియల్. అత్త జంగమ్మ ఇంకో మాట కలిపింది. "ముండ్ల చెట్టు ఇంటి ముంగటుంటే కొట్లాటలయితయంట." కొట్లాడటానికి కోమలకు తీరికెక్కడిది? పొద్దున వంట, తర్వాత అంగన్‌వాడీలో పిల్లల ముక్కులు తుడవడం, బరువులు తూచడం, సాయంత్రం వచ్చి మళ్లీ వంట. మధ్యలో ఆ మొక్కకు ఒక బకెట్ నీళ్లు. వేరు పట్టాక దానికి ఆ నీళ్ల అవసరం కూడా పోయింది, అలవాటుకొద్దీ ఈమే పోస్తోంది. ఆ ఇంట్లో ఆమెను ఏమీ అడగనిది అదొక్కటే.

కాయలు కాసిన ఏటి నుంచి ముండ్లకంప కాస్తా డానియల్ నోట "మా వాక్కాయ చెట్టు" అయింది. కోతపండుగ నాడు చర్చికి ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెస్తారు. కందులు, గుమ్మడికాయలు, కోళ్లు అన్నీ అక్కడే వేలం వేస్తారు. "డానియల్ గారి వాక్కాయ పచ్చడి!" అని పాస్టరు అయ్యగారు సీసా ఎత్తి చూపిస్తే చప్పట్లు మోగుతాయి. అప్పుడు డానియల్ వినయంగా తల వంచుతాడే, అది చూస్తే కోమలకు ఒళ్లు మండుతుంది. ఒక్కో కాయనూ చీల్చి గింజ తీయాలి. కాయ నుంచి కారే పాలు వేళ్లకు బంకలా పట్టుకుంటాయి, నూనె రాసుకున్నా ఓ పట్టాన వదలవు. మోచేతుల దాకా గీరుకుపోతుంది. ఓసారి చర్చిలో ఒకామె ఆ గీతలు చూసి "ఏమైందమ్మా?" అనడిగితే, "మా చెట్టు ముండ్లు మామూలుగుండయి మరి" అన్నాడు డానియల్ గర్వంగా. ముండ్లున్నందుకు కూడా మెప్పు ఆయనకే.

"నా పేరు గూడ చెప్పమనరాదా?" అని ఒక్కసారి అడిగి చూసింది.

"దేవుని పనికి పేరెందుకే?"

మరి మీ పేరెందుకు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఈ ఏడు వానలకు చెట్టు విరగ్గాసింది. తెల్లటి కాయలకు ఒక పక్క ఎర్రజీర తేలుతుండగా, గడప మెట్టు మీద కూర్చున్న జంగమ్మ అంది, "చిన్నప్పుడు గుట్టకు కట్టెలకు పోతే నల్లటి పండ్లు తెంపుకొని తినేటోళ్లం. నోరంత ఎర్రగయ్యేది. నీ చెట్టు పండ్లు తియ్యగుంటయా, కోమలా?"

కోమల తలెత్తి చెట్టు వైపు చూసింది. పచ్చడికి పుల్లటి పచ్చికాయే కావాలి. అందుకని ఏటా పండకముందే చెట్టంతా కోసేస్తుంది. తన చేత్తో నాటిన చెట్టు పండు ఎలా ఉంటుందో తనకే తెలియదు. మొగుడి మీద కోపం కన్నా తన మీద తనకే సిగ్గు ఎక్కువేసింది. ఆ రోజు అంగన్‌వాడీలో పిల్లలకు పాట నేర్పుతూ మధ్యలో చరణం మర్చిపోయింది.

"కోసినవా?" అని నాలుగు రోజులకు డానియల్ అడిగాడు.

"కోయలే."

"అయ్యగారికి మాటిచ్చిన. మా ఆఫీసుల గూడ అడుగుతున్నరు."

"ఇయ్యకుంటే ఏం గాదు."

అదేదో అలసిపోయి అన్న మాట అనుకుని అతను పట్టించుకోలేదు. చెట్టు వైపు కూడా చూడలేదు. రెండు వారాల తర్వాత ఆదివారం చర్చి నుంచి వస్తూ గేటు దగ్గర ఆగి అరిచాడు. "గిదేందే! అన్ని నల్లగైనయి! గివి పచ్చడికి ఏం పనికొస్తయి? నేను ఏం ముఖం పెట్టుకొని పోవాలె?"

కోమల వెనకే వచ్చి లోపలి నుంచి గిన్నె తెచ్చుకుంది. పండ్లు కోసి, మెట్టు మీద అత్త పక్కన కూర్చుంది. ఒకటి నోట్లో వేసుకుంది. తియ్యగా, చివర్లో కాస్త పులుపుగా ఉంది. డానియల్ తల్లి వైపు చూశాడు, ఆమె అయినా నాలుగు మాటలంటుందని. జంగమ్మ పెదాలు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. ఆమె గిన్నెలోంచి ఇంకోటి తీసుకుంది.

"పచ్చడికి పనికిరావు" అంది కోమల. "తినెతందుకు పనికొస్తయి. కావాలంటే చెట్టు ఆడనే ఉన్నది. ముండ్లు జర చూసుకోని తెంపుకోండి."