కళ్ళజోడు తీయని నెల

లక్ష్మీరాజం నోటికి తాళం వేసే మొనగాడు బోధన్‌లో ఇంకా పుట్టలేదని శారమ్మ అంటుంది. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చెరకు తూకం దగ్గర పనిచేసిన మనిషి. అది మూతపడ్డాక తన ఇంట్లో కూర్చోలేక, శారమ్మ ఇంటి వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. అక్కడ పదిమంది ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. చేతుల నిండా పని, చెవులు మాత్రం ఖాళీ. ఆ చెవుల కోసం ఆయన గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి చదువుతాడు. బదులుగా మధ్యాహ్నం బువ్వ, రోజుకొకరి డబ్బాలోంచి.

ఉన్నది ఉన్నట్టు చదవడం ఆయనకు చేతకాదు. పుస్తకంలో పులి ఒకటుంటే ఆయన నోట్లో మూడవుతాయి. చెరకు బండితో పాటు కాటా ఎక్కిన కొండచిలువను కూడా తూచి, దాని కడుపులోని గొర్రెను మాత్రం తరుగు కింద తీసేశానని ఒట్టేసి చెప్పిన ఘనుడు. ఆడవాళ్ళకూ ఆ ముచ్చట్లే ఇష్టం. అయితే మధ్యలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ పెట్టింది కాదు, దానంతటదే పడింది. కళ్ళజోడు ముక్కు మీద ఉన్నంతసేపు అది అచ్చులో ఉన్న మాట. కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడవడం మొదలుపెట్టాడంటే ఇక అది లక్ష్మీరాజం కాక సొంత మాట. మొదటిది నమ్మేవాళ్ళు, రెండోదానికి నవ్వేవాళ్ళు.

నెలాఖరు రోజున కంపెనీ నుంచి ఆకూ తంబాకూ రావు. చాటలు గోడకు ఆనించి, ఆ నెలంతా విన్నదాన్ని నెమరేసుకోవడం వాళ్ళ అలవాటు. ఈ నెల ఎన్ని రకాలు విన్నారని! చివరి పేజీలు ఊడిపోయిన ఒక హత్య నవల, కాలినడకన హిమాలయాలకు పోయిన ఒక సాధువు యాత్ర, చెరకు తెగుళ్ళు, తేనెటీగల పెంపకం, ఇంటి వైద్యం.

"నాకైతే గా తేనెటీగల రాణి యాదికున్నది," అంది శంకరమ్మ. "కూసున్న కాడికే తిండి తెచ్చి పెడుతరట. అచ్చం మా అత్త."

"మీ అత్తకు రెక్కలుంటె ఎప్పుడో ఎగిరిపోయి మోస్రాల ఉన్న బిడ్డ ఇంటి మీద వాలుతుండె," అన్నాడు లక్ష్మీరాజం.

"గది సరే గని కాకా, గా హత్య చేసిందెవడు?" అని అడిగింది శారమ్మ.

"పోస్టుమాన్ అని చెప్పిన గదా."

"గది నువ్వు చెప్పింది. పుస్తకం ఏం చెప్పింది?"

"పుస్తకం నాలుక ఎవడో కోసుకపోయిండు. నేనేం జేసేది?"

వసారా అంతా నవ్వింది. మూలన కూర్చున్న సత్తవ్వ కూడా నవ్వి, కొంగు సర్దుకుంది. ఆమె తక్కువ మాట్లాడుతుంది, అందరికన్నా ఎక్కువ వింటుంది. చదువు రాదు గానీ, విన్నది ఏడాదైనా మరిచిపోదు.

"నాకు మాత్రం గా వైద్యం పుస్తకమే అక్కెరకొచ్చింది కాకా," అంది. "మా తమ్ముడు వెంకటికి మూర్ఛ గదా. వర్నిల వాని ఇంటికి పోయి నువ్వు సదివినట్టే చేసిన. వాని గోలీలన్ని నా చేతులతోనే కాలువల పారేసిన. పొద్దుగాల పచ్చి ఉల్లిగడ్డ, మాపటికి ఇప్పపూల నీళ్ళు. పదకొండు దినాలన్నవ్. ఇయ్యాల తొమ్మిదోది. ఒక్కసారి గూడ రాలే. నీ కడుపు సల్లగుండ."

లక్ష్మీరాజం సంచిలోని పుస్తకం మీద చెయ్యి వేశాడు.

ఆ వైద్యం పుస్తకం చదివిన మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది. మూర్ఛ గురించిన పేజీ ఎండిన చెరకు పిప్పిలా ఉంది, వింటున్న వాళ్ళు కునుకు తీస్తున్నారు. వాళ్ళను లేపడానికి మాక్లూర్‌లో ఒక మూర్ఛ రోగిని పుట్టించాడు. వాడు మందుబిళ్ళలు బావిలో పారేసి, ఉల్లిగడ్డా ఇప్పపూల నీళ్ళూ పుచ్చుకున్నాడు. పదకొండో రోజున మూర్ఛ వాణ్ణి వదిలేసి పటేల్ గారి ఎద్దును పట్టుకుంది. ఎద్దు దగ్గర అందరూ నవ్వారు. సత్తవ్వ ఒక్కతే, "నిజంగనా కాకా?" అంది. "అచ్చుల ఉంది సత్తవ్వా!" అని పేజీ మీద వేలు పెట్టి మరీ చూపించాడు.

"సత్తవ్వా," అన్నాడు ఇప్పుడు. "గది పుస్తకంల లేదు. నేనే కల్పించిన."

వసారా గొల్లున నవ్వింది.

"సూడుండ్రి! మందు పనిజేసినంక నాదే అంటుండు!" అంది శంకరమ్మ.

"ఒట్టు. నా మనుమల మీద ఒట్టు."

"కొండచిలువకు గూడ గిట్లనే ఒట్టేసినవ్ కాకా."

ఆయన చేతులు జోడించాడు. అది చూసి ఇంకా నవ్వారు. ఇన్నేళ్ళుగా ఈ ఊరిని తన మాటలతో నవ్విస్తున్న మనిషికి, ఒక్క నిజం నమ్మించే దారి దొరకలేదు. అవతల వర్నిలో కాలువ పారుతోంది. ఇక్కడ వీళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆయన లేచి, సంచిలోంచి పుస్తకం లాగి, పేజీ వెతికి శారమ్మ ఒళ్ళో పడేశాడు. శారమ్మకు చదువు వచ్చు, ఆదివారం ఆదివారం చర్చిలో కీర్తనలు చదువుతుంది.

"సదువు. నన్ను నమ్మకు. అచ్చు సదువు."

శారమ్మ నవ్వు ఆపుకుంటూ, కీర్తన చదివినట్టే ఒక్కో మాటా విడదీసి చదివింది. "మూర్ఛ ఉన్నవారు... వైద్యుడు చెప్పనిదే... మాత్రలు ఒక్క రోజైనా ఆపరాదు. హఠాత్తుగా ఆపినచో... ప్రాణాపాయము కలుగవచ్చును. ఒంటరిగా... నీటిలోకి దిగరాదు."

నవ్వు ఆగిపోయింది.

సత్తవ్వ ఫోన్ తీసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగి మోగి ఆగిపోయింది. "పదకొండయితుంది," అంది గోడ మీది గడియారాన్ని చూస్తూ. "గీ యాల్లకు బర్లను కడుగ కాలువకు పోతడు. ఒక్కడే పోతడు."

శారమ్మ కొడుకు బెన్‌హర్ ఆటో బయటే ఉంది. సత్తవ్వ ఎక్కింది. ఎవరూ పిలవకుండానే లక్ష్మీరాజం కూడా ఎక్కాడు. సత్తవ్వ రమ్మనలేదు, వద్దనలేదు.

వర్నికి పోయే ఈ తొవ్వ మీద ఎన్ని కథలు పుట్టించాడో ఆయనకే లెక్కలేదు. ఇవాళ రెండు వైపులా వరి మళ్ళు, మధ్య మధ్య మెరిసే నీళ్ళు. మెరిసిన ప్రతిచోటా ఆయన మెడ చాచి చూశాడు. కాలువ ఎంత లోతు? నడుము దాకానా, మెడ దాకానా? మూర్ఛ వచ్చినవాడికి మోకాలి లోతు చాలదా? మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తున్న సత్తవ్వ బొటనవేలినే చూస్తూ కూర్చున్నాడు. ఏదో ఒక ధైర్యం చెప్పాలి. ఏం చెప్పినా అది కూడా కల్పనే అవుతుంది.

సగం దూరం పోయాక ఆమె అంది. "నువ్వు కళ్ళజోడు తియ్యలే కాకా."

ఆయన చేయి చెవి దగ్గరికి పోయింది. అక్కడ బిగుతైన నల్లటి ఎలాస్టిక్ తగిలింది. నెల మొదట్లో నిజామాబాద్‌లో కంటి ఆపరేషన్ చేయించుకుని కొత్త కళ్ళజోడు తెచ్చుకున్నాడు. పాతదాన్ని ఎక్కడ పడితే అక్కడ మరిచి వస్తాడని కోడలు సుమలత, దీనికి తల వెనక నుంచి ఎలాస్టిక్ కట్టింది. తీయడం తలనొప్పి. అందుకని నెలంతా తీయనే లేదు. పులులప్పుడూ తీయలేదు, పోస్టుమాన్ అప్పుడూ తీయలేదు, మాక్లూర్ మనిషప్పుడూ తీయలేదు.

"తియ్యలే," అన్నాడు.

ఆమె మళ్ళీ ఫోన్ చెవికి పెట్టుకుంది. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది.

వెంకటి ఇంటికి తాళం వేసి ఉంది. లోపల ఎక్కడో ఫోన్ మోగుతోంది. బెన్‌హర్ ఆటోను కాలువ కట్ట మీదికే తోలాడు. కట్ట మీద ఒక జత చెప్పులు, ఒక తువ్వాల. నీళ్ళలో నాలుగు బర్రెలు. మనిషి లేడు.

సత్తవ్వ నోట్లోంచి వచ్చిన శబ్దం అరుపు కూడా కాదు. లక్ష్మీరాజం ఆటో రాడ్డు పట్టుకుని కిందికి దిగాడు. అంతలో ఒక బర్రె బద్ధకంగా పక్కకు జరిగింది. దాని వెనక నడుము లోతు నీళ్ళలో, గడ్డి చుట్టతో దాని కడుపు తోముతూ వెంకటి.

"అక్కా! నువ్వెందుకొచ్చినవ్?"

"ఇవతలికి రా! జల్ది రా!"

"ఒక్క బర్రె మిగిలింది. కాక గూడ వచ్చిండా! కాకా, నీ మందు మస్తుంది."

"వెంకటీ, గది మందు గాదు. అబద్ధం. నేనే పుట్టిచ్చిన. బయటికి రా బిడ్డా."

వెంకటి తల వెనక్కి వాల్చి నవ్వాడు. "మల్ల మొదలుపెట్టినవా?"

ఇక మాటలతో అయ్యేది కాదని లక్ష్మీరాజానికి తెలిసిపోయింది. పంచె కూడా ఎగ్గట్టలేదు, చెప్పులు కూడా విడవలేదు. ఈత రాని డెబ్బై ఏళ్ళ మనిషి కట్ట దిగి నీళ్ళలోకి నడిచాడు. కాళ్ళ కింద బురద జారింది. నీళ్ళు నడుము దాటాయి. వెళ్ళి వెంకటి మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ ముఖం చూసి వెంకటి నవ్వడం మానేశాడు. ఎద్దును తోలుకొచ్చినట్టు ముసలాణ్ణి తనే ఒడ్డుకు నడిపించుకొచ్చాడు.

"ఏమైంది కాకా, గిట్ల వణుకుతు..."

వెంకటి మాట మధ్యలోనే ఆగింది. మెడ ఒక పక్కకు తిరిగింది. కట్ట మీద నాలుగడుగులు వేసిన మనిషి నిలువునా పడిపోయాడు.

బెన్‌హర్ ఆటో తాళాలు గుంజి, వెంకటి పిడికిట్లో పెట్టడానికి ఉరికాడు. సత్తవ్వ పళ్ళ మధ్య కొంగు దూర్చబోయింది.

"వద్దు! తాళాలొద్దు. నోట్ల ఏం పెట్టొద్దు." లక్ష్మీరాజం తువ్వాల మడిచి తల కింద పెట్టాడు. "గట్టిగ ఒత్తి పట్టకుండ్రి. బెన్‌హర్, నీ గడియారం సూసి నిమిషాలు చెప్పు." ఇది కల్పన కాదు. ఆ ఎండిన పేజీలో, కునికిపాట్లు మొదలయ్యే ముందు తను చదివిన నాలుగు ముక్కలు. సరిగ్గా గుర్తున్నాయా? ఏదైనా తన బుర్రలోంచే కలుస్తోందా? తన తలలో అచ్చు ఎక్కడ ఆగుతుందో, తన మాట ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలియలేదు. దానికన్నా భయంకరమైన సంగతి ఆయనకు పుట్టి బుద్ధెరిగాక ఎదురుకాలేదు.

"ఒకటి," అన్నాడు బెన్‌హర్. చాలాసేపటికి, "రెండు."

మూడు అనకముందే కాళ్ళు కొట్టుకోవడం తగ్గింది. పక్కకు తిప్పి పడుకోబెట్టారు. నోట్లోంచి నురగ కారింది, గురకలా ఊపిరి తిరిగొచ్చింది. సత్తవ్వ తమ్ముడి వీపు నిమురుతూ కాలువ వైపు చూసింది. బర్రెలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. ఆమె ఏం లెక్కేస్తోందో లక్ష్మీరాజానికి తెలుసు, తనూ అదే లెక్కేస్తున్నాడు. ఇంకొక్క బర్రెను కడిగేదాకా ఆగి ఉంటే, నీళ్ళలోనే.

బోధన్ దవాఖానలో డాక్టరమ్మ అడిగింది. "మందులు ఆపమని ఎవరు చెప్పారు?"

సత్తవ్వ తమ్ముడి దుప్పటి సర్దింది.

"నేనే చెప్పిన," అన్నాడు లక్ష్మీరాజం. పంచె నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"మీరు డాక్టరా?"

"కాదమ్మా. పుస్తకాలు సదివెటోన్ని."

డాక్టరమ్మ ఇంకా చాలా అంది. అన్నీ తల వంచుకుని విన్నాడు.

సాయంత్రానికి వెంకటి మంచం మీద నిద్రపోతున్నాడు. సత్తవ్వ మందుల చీటీ తెచ్చి లక్ష్మీరాజం ముందు పట్టింది. కింద నర్సమ్మ తెలుగులో రాసిన వరసలున్నాయి.

"సదువు."

"నేనా? వద్దు సత్తవ్వా. వేరేటోళ్ళతోని సదివించుకో."

"గీడ ఎవలున్నరు నాకు? నువ్వే సదువు. మల్ల పోయి సిస్టర్‌ను గూడ అడుగుత."

ప్రతి అక్షరం కిందా వేలు పెట్టి చదివాడు. "పొద్దున తిన్నంక ఒకటి. రాత్రి తిన్నంక ఒకటి. నెలకు మల్ల రావాలె. ఒక్క దినం గూడ ఇడువొద్దు."

"గంతేనా?"

"గంతే."

ఆమె చీటీ తీసుకుని వరండా చివరకు నడిచింది. నర్సు చీటీని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. లక్ష్మీరాజం మంచం కోడు పట్టుకుని, రెప్ప వేయకుండా, సత్తవ్వ ఎప్పుడు తిరుగుతుందా అని ఆమె వీపు వైపే చూస్తూ నిలబడ్డాడు.