రోల్ దగ్గర పరుగు

మా ఆయన కుడిచేయి బంగారం. ఎడమచేయి మాత్రం మా ఇంట్లో ఏ పనీ చెయ్యకుండా కూర్చుని తినే ఏకైక ప్రాణి. పూర్తిగా దాని తప్పని కూడా అనలేం లెండి. ఆయనకు సెలూను ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడిచేయి కత్తెరతో కచకచలాడుతుంటే, ఎడమచేయి దువ్వెన పట్టుకుని చోద్యం చూస్తుంటుంది. అలాంటి చేతికి ఆదివారం నాడు పుల్ల ఇచ్చి, డ్రమ్ము మీద కుడిదానితో సమానంగా కొట్టమంటే ఎక్కణ్నుంచి కొడుతుంది?

ఈ సంగతి కప్పిపుచ్చడానికి ఆయనకో ఉపాయం ఉంది. చరణం అయిపోయి పాట మళ్ళీ పల్లవికి తిరిగేచోట రెండు చేతులూ మార్చి మార్చి ఆగకుండా దెబ్బలేస్తూ ఒక రోల్ వాయించాలి. ఎడమచేయి ఎక్కడ వెనకబడుతుందోనన్న భయంతో ఆ రోల్‌ని పోలీసులు వెంటపడ్డట్టు వాయించేసి, చివర్న ఇత్తడి పళ్ళెంలాంటి సింబల్ మీద ధన్‌మని ఒక్కటి వేస్తారు. జనం ఉలిక్కిపడి చప్పట్లు కొడతారు. ఆయన చెమట తుడుచుకుని, ఎలా ఉంది అన్నట్టు నా వంక చూసి కనుబొమలెగరేస్తారు.

ఆయన డ్రమ్స్ వాయించే పాటల బృందంలో దాదాపు అందరూ ఇంటివాళ్ళే. పాడేది మా వదిన, అంటే ఆయన అక్క. కీబోర్డు మా తమ్ముడిది. గిటారు వాయించే ఎలక్ట్రీషియన్ ఒక్కడే బయటివాడు. అతన్ని అందరం ఫ్యూజు అంటాం.

ఒకరోజు రిహార్సల్ మధ్యలో వదిన పాట ఆపేసింది.

"ఒరేయ్, ఇంక నావల్ల కాదురా. రోల్ దగ్గర నువ్వు పరుగెడతావు. ఆ వెంటనే పల్లవి ఎత్తుకోవాల్సింది నేను. ఊపిరి అందట్లేదు నాకు."

"జోరు లేకపోతే అదేం పాటక్కా?"

"అది జోరు కాదు, కంగారు. వచ్చే నెల ప్రోగ్రాంలో కూడా ఇదే వరస అయితే, కీబోర్డులో డ్రమ్స్ బటన్ ఉందిగా, అది నొక్కించుకుని పాడుకుంటాను. నువ్వు ముందు వరసలో కూచుని విందువుగాని."

మా తమ్ముడు తల వంచుకుని కీబోర్డు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు కూడా విప్పకుండా, "నిజంగానే తీసేస్తారంటావా?" అని అడిగారు. ఆటపట్టిద్దామని నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. ఆదివారం ఆ డ్రమ్ముల వెనక కూచోవచ్చు కదా అనే ఆశతోనే ఈయన వారమంతా ఊళ్ళోవాళ్ళ తలలూ, వాళ్ళ కబుర్లూ భరిస్తారు. అది కాస్తా పోతే ఏమైపోతారు?

మర్నాడే సాధన మొదలైంది. సాధనంటే ఏమనుకున్నారు? తనకు బాగా వచ్చిన జోరు ముక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటి.

"ఏవండీ, ఇవన్నీ వచ్చినవే కదా?"

"ముందు చెయ్యి వేడెక్కాలి కదే."

"వారం రోజులుగా వేడెక్కుతూనే ఉంది. వంటెప్పుడు?"

మొహం మాడ్చుకున్నారు గానీ, మాట మాత్రం గట్టిగానే తగిలినట్టుంది. దిండు మీద వాయిస్తే పుల్ల తనంతట తాను పైకి ఎగరదనీ, మణికట్టే దాన్ని లేపాలనీ, అలా బలం వస్తుందనీ ఎక్కడో విన్నారట. ఇంట్లో ఇన్ని దిండ్లుండగా నా దిండే దొరికింది. ఫోన్లో టిక్కుటిక్కుమనే తాళం పెట్టుకుని, నత్తకే విసుగొచ్చేంత నెమ్మదిగా, ఒట్టి ఎడమచేత్తో మొదలుపెట్టారు. దూదంతా పక్కలకు పారిపోయింది. పడుకుంటే నా తల గుంటలో, మెడ గట్టు మీద.

అంతటితో ఆగితే ఆయన మా ఆయనెందుకవుతారు? ఎడమచేతికి క్షణం కూడా తీరిక ఇవ్వకూడదని, ఒకపూట సెలూన్లో కత్తెర ఎడమచేతికీ, దువ్వెన కుడిచేతికీ మార్చారు. ఖర్మ కాలి ఆ సమయానికి కుర్చీలో ఉన్నది మా తమ్ముడు.

"అక్కా! బావ ఏం చేశాడో చూడవే!" అంటూ సెలూను మీదే ఉన్న మా ఇంటికి మెట్లెక్కి వచ్చాడు. వాడి చెవి మీద జుట్టు కూడా మెట్లుమెట్లుగానే దిగింది.

"ఏడవకురా. బటన్ నొక్కి మీ బావ సీటు కొట్టేద్దామనుకున్నావుగా, చెల్లుకు చెల్లు."

"నేనెక్కడ నొక్కుతానన్నానే!" అని కాళ్ళు నేలకేసి కొడుతూ వెళ్ళిపోయాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, దిండు చప్పుడు మారింది. వంటింట్లోంచి వింటే ఏది కుడో, ఏది ఎడమో చెప్పలేని రోజొచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చోరూ!

ప్రోగ్రాం నాడు హాలు నిండింది. నేను చివరి వరసలో కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. మొదటి పాటలో చరణం అయింది. రోల్ వచ్చింది. ఆయన పరుగెత్తలేదు. ఒక్కో దెబ్బా తొణక్కుండా దాని చోట్లో అది పడింది.

కానీ మిగతావాళ్ళంతా పరుగెత్తారు! వదిన పల్లవి ముందే ఎత్తేసుకుంది. తమ్ముడు ఆమె వెంటపడ్డాడు. ఫ్యూజు ఇద్దర్నీ దాటేశాడు. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు సింబల్ మీద ఒక్కటి వేసి తనూ ఉరుకుతారనుకున్నాను. ఉరకలేదు. పెదవి బిగబట్టి, అదే నడక పట్టుకుని వాయిస్తూ కూర్చున్నారు. ముందు ఫ్యూజు తగ్గాడు. తర్వాత మా తమ్ముడు తగ్గాడు. చివరికి వదిన ఒక మాట మింగేసి తాళంలోకొచ్చి పడింది. అక్కణ్నుంచి పల్లవి చివరిదాకా ఆమె గొంతు ఎక్కడా తెగలేదు.

విరామంలో నేను తెర వెనక్కి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే ఆయన వదిన ముందు నిలబడి ఉన్నారు.

"ఒట్టక్కా, నేను పరుగెత్తలేదు. తీసెయ్యకు."

"తప్పు నీది కాదురా. మేమే ముందుకెళ్ళిపోయాం."

"మీరెందుకెళ్ళారు?"

వదిన ఇబ్బందిగా ఫ్యూజు వంక చూసింది. అతను తీగలు సరిచేసుకోవడంలో మునిగిపోయాడు.

"ఎందుకంటే ఏం చెప్పను? నువ్వు పరుగెత్తినప్పుడల్లా మేమూ నీతో పరుగెత్తకపోతే, తప్పింది నువ్వొక్కడివేనని జనానికి తెలిసిపోదూ? ఏళ్ళ తరబడి అలాగే లాక్కొచ్చాం. అలవాటైపోయింది. ఇవాళ ఆగలేకపోయాం."

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఆయన పుల్లలు చంకలో పెట్టుకుని, "అయితే ఈసారి మీరు ముందుకెళ్ళిపోతే నేనూ మీతో వచ్చేస్తానక్కా. మీరు తప్పారని జనానికెందుకు తెలియాలి?" అన్నారు.

వదిన ఆయన నెత్తిన ఒక్కటి మొట్టింది.

"కదిలావంటే చంపేస్తాను. నువ్వు అక్కడే ఉండరా. మేమే నీ దగ్గరికొస్తాం."