కూర్చుని తినే చోటు

మధ్యాహ్నం మూడు గంటలు. హోటల్లో పన్నెండు బల్లలూ ఖాళీ. పొద్దున్నుంచీ వడ్డించి వడ్డించి కాళ్లు వాచిపోయిన నవ్వులమ్మ ఒక కుర్చీ లాక్కుని నాలుగు ముద్దలు తినబోయింది. ఆమె చేసిన నేరం అంతే.

"లే! ఆ కుర్చీలు కస్టమర్ల కోసం. నీ చోటు వెనకాల ఉందిగా!" అని అరిచాడు యజమాని. అప్పుడే తలుపు తోసుకుని వస్తున్న ఇద్దరు ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయారు. నవ్వులమ్మ లేచి, పళ్లెం పక్కన పెట్టి, ఏప్రన్ విప్పి మడత పెట్టింది. వెళ్లిపోయింది.

వంటగది కిటికీలోంచి వదిన ఇదంతా చూసింది. వదినంటే యజమాని అన్న భార్య. వంటంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. అతను వదినా అని పిలుస్తాడు గనక గిన్నెలు తోమే తాత నుంచి పాలు పోసేవాడి దాకా అందరికీ ఆవిడ వదినే. ఆవిడ భర్త తెల్లారేసరికి సరుకులు తెచ్చి పడేసి, ఆ తర్వాత ఆ హోటల్ ఎవరిదో ఎరగనట్టు మాయమయ్యే రకం.

నవ్వులమ్మ ఆరేళ్లు పనిచేసిన మనిషి. ఏ పెద్దాయనకి చేతులున్న కుర్చీ కావాలో, ఏ పిల్ల కారం తినలేదో అడక్కుండానే చూసుకునేది.

"పోతే పోయింది. కేకేస్తే పదిమంది వస్తారు" అన్నాడు మరిది.

వచ్చారు. ఒకడు రెండు రోజులున్నాడు. ఇంకొకామె మధ్యాహ్నం భోజనానికని వెనక్కి వెళ్లి, అటునుంచి అటే పోయింది. అప్పుడు మరిది అద్దం మీద కాగితం అంటించాడు: 'మంచి పనివాళ్లు కావలెను. కుటుంబ వాతావరణం.'

అది చదవగానే వదినకి ఒళ్లు మండిపోయింది. కుటుంబమట! ఏ కుటుంబంలో మనిషిని ముద్ద దగ్గర లేపుతారు?

ఆ సాయంత్రమే నవ్వులమ్మ ఇంటికి వెళ్లింది. నవ్వులమ్మ చాప వేసి, మంచినీళ్లిచ్చింది.

"మళ్లీ రావే. వాడికి నేను చెప్తాను."

"ఎప్పుడు చెప్తావు వదినా? ఆ రోజు నువ్వు కిటికీలోంచి చూశావు. నేనూ నిన్ను చూశాను." నవ్వుతూనే అంది. ఒక ఆసుపత్రి క్యాంటీన్లో చేరానని, ఇక రానని కూడా నవ్వుతూనే చెప్పింది.

వదిన సగం గ్లాసు నీళ్లు తాగి లేచొచ్చింది. దారి పొడుగునా పళ్లు నూరుకుంది. మరిది మీదే అనుకుంది గానీ, ఇల్లు చేరేసరికి ఆ కోపంలో సగం తన మీదేనని తెలిసొచ్చింది.

ఆ తర్వాతి వారం ఒక పొడుగాటి మనిషి పని అడుగుతూ వచ్చింది. నాలుగు పళ్లేలు ఒక్క చేతి మీద పేర్చుకుని, చుక్క ఒలక్కుండా హాలంతా తిరిగొచ్చింది. మరిది మొహం వెలిగిపోయింది. "రేపే వచ్చెయ్!" అన్నాడు.

"పనివాళ్లు ఎక్కడ తింటారండీ?" అందామె.

"వదినా, చూపించు."

వెనక తలుపు తీస్తే ఇరుకు సందు. ఒక పక్క గ్యాస్ బండలు, ఇంకో పక్క నేల తుడిచిన తడిగుడ్డలు. మధ్యలో బోర్లించిన రెండు నూనె డబ్బాలు.

"మీరూ ఇక్కడేనా?"

"ఇక్కడే."

"ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

ఆమె వదిన వంక ఒక చూపు చూసి, ఫోను నంబరు రాసిచ్చి, "ఆలోచించుకుని చెప్తానండీ" అని వెళ్లిపోయింది. ఆ చూపు వదినకి చెంపదెబ్బలా తగిలింది. రోజూ వందమందికి వండిపెట్టే చేతులివి. ఎవరో దారినపోయే మనిషి తనని చూసి జాలిపడిందే!

మర్నాడు మూడింటికి వదిన హాల్లో రెండు బల్లలు కలిపి వేసింది. వేడివేడిగా వండినవన్నీ తెచ్చి పెట్టింది. గిన్నెల తాతనీ, కూరగాయలు తరిగే ఆమెనీ పిలిచింది.

"అమ్మో, సార్ చూస్తే?" అన్నాడు తాత.

"చూడనీ. చూడాలనే."

మరిది రానే వచ్చాడు. "ఏంటిది వదినా? ఎవరైనా వస్తే?"

"వస్తే లేచి వడ్డిస్తాం. ఎంగిలి చేత్తో కాదులే, కడుక్కునే."

అతను గొంతు తగ్గించాడు. "నువ్వు ఇంటిమనిషివి, నువ్వు కూర్చో, నేనేం అనను. వాళ్లని మాత్రం..."

"ఇంటిమనిషినా?" వదిన గొంతు వీధిలోకి వినపడింది. "ఇంటిమనిషిని పదకొండేళ్లు నూనె డబ్బా మీద కూర్చోబెట్టావా? మనుషులు దొరకట్లేదని ఊరంతా ఏడుస్తావు. దొరికిన మనిషిని తిండి దగ్గర తరిమేశావు కదరా! అది చూస్తూ నోరు మూసుకున్నాను చూడు, నన్నూ తన్నాలి!"

"రేపట్నుంచి ఇలా కుదరదు."

"అయితే రేపట్నుంచి వంటా కుదరదు."

మరిది రుసరుసలాడుతూ అన్న దగ్గరికి పోయాడు. ఆయన అంతా విని, "అయితే నాక్కూడా ఓ కుర్చీ వెయ్యమను" అన్నాడట. ఆయన హోటల్ విషయంలో నోరు విప్పడం అదే మొదలు. మర్నాడు మూడింటికి నిజంగానే వచ్చి కూర్చున్నాడు.

వదిన పొడుగాటామెకి ఫోన్ చేసింది. ఆమె మూడింటికి, పనివాళ్ల భోజనాల వేళకే వచ్చి, గుమ్మంలో నిలబడి బల్ల వంక చూసింది. ఆ మర్నాడే పనిలో చేరింది.

నెల తిరక్కుండానే ఒకరోజు, కొత్తగా వచ్చిన కస్టమర్లతో మరిది అంటున్న మాట వదిన చెవిన పడింది. "మా దగ్గర అందరం ఒక్క బల్ల మీదే తింటామండీ. మొదట్నుంచీ అంతే!"

వదిన పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

"మొదట్నుంచీ కాదండీ," అంది ఆ కస్టమర్లతో. "మూడు వారాల నుంచి. ఇంతకుముందు ఇక్కడ నవ్వులమ్మని ఒకామె ఉండేది. ఆమెనెలా పంపించాడో అడగండి."

మరిది తల దించుకున్నాడు. వదిన మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు.