శవాల బండిలో స్కౌటు చొక్కా

శవాల బండి తన గుమ్మం ముందు ఆగేసరికి లవీనియాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

నిజానికి ఆ బండిని చూసి ఆ పేటలో ఎవరూ బెదరరు. చనిపోయినవాళ్లను సాగనంపే వ్యాపారం అంబ్రోజ్ టాటమ్ గారిది. నల్లవాళ్ల పిల్లలకు స్కౌటు మాస్టారు కూడా ఆయనే. అమెరికాలోని జార్జియాలో నల్లపిల్లలకు స్కౌటు దళమంటే ముక్కున వేలేసుకునే రోజులవి. పిల్లల్ని అడవికి తీసుకెళ్లాలంటే ఆయనకు వేరే బండి ఎక్కడ ఏడ్చింది? శనివారం వస్తే చాలు, అందరినీ ఆ నల్లబండిలోనే కుక్కి తీసుకెళ్లేవాడు. కుర్రవెధవలు వెనకాల బారుగా పడుకుని, శవాల్లా నాలుకలు బయటపెట్టి, దారంతా కిసుక్కున నవ్వుకునేవాళ్లు. ఆ పొద్దున లవీనియా కొడుకు ఎల్లిస్ కూడా తల్లికి నాలుక చూపించి మరీ వెళ్లాడు. సాయంత్రానికి గానీ తిరిగిరాని బండి మధ్యాహ్నమే వచ్చింది. అందులో ఒక్క పిల్లాడూ లేడు.

బట్టలకు గంజి పెడుతున్న లవీనియా చేతులైనా తుడుచుకోకుండా అరుగు దిగింది. టాటమ్ గారు టోపీ చేత్తో పట్టుకుని వస్తున్నాడు. ఆయన అలా టోపీ తీసి ఎవరి వాకిట్లోనైనా అడుగుపెడితే దానికి ఒక్కటే అర్థం.

"చెల్లెమ్మా, ఎల్లిస్ ఇంటికెళ్లిపోయాడు," అన్నాడాయన.

వాళ్ల చర్చిలో చనిపోయాడనే మాట ఎవరి నోటా రాదు. ఇంటికెళ్లాడంటారు. ఆమె మొగుడు రూఫస్ రంపం మిల్లులో పోయిన రోజున ఇదే మనిషి, ఇదే వాకిట్లో, ఇదే మాట అన్నాడు. లవీనియా మెట్టు మీద కూలబడింది.

ఆమె మొహం చూశాక గానీ తన మాట ఆమెకెలా వినబడిందో ఆయనకు వెలగలేదు. ఇన్నేళ్లుగా అదే వ్యాపారంలో ఉన్న మనిషికి ఆ మాత్రం ఇంగితం ఉండొద్దూ? "అయ్యో, నా నోరు పడిపోను. అది కాదమ్మా. స్కౌటు గుర్తు సంగతి చెబుతున్నా. రాళ్లు గుండ్రంగా పేర్చి మధ్యలో ఒక రాయి పెడితే, నేను ఇంటికెళ్లిపోయానని అర్థం. ఏటిగట్టున అది పెట్టి మాయమయ్యాడు మీవాడు. మిగతా పిల్లల్ని మా తమ్ముడికి అప్పజెప్పి, ఇక్కడికే వచ్చుంటాడని తిన్నగా వచ్చా."

"ఇక్కడికి రాలేదు మాస్టారూ." ఆమె మెల్లగా లేచింది. "ఒంటిమీద ఏముంది?"

టాటమ్ గారు టోపీ అంచు తడుముకున్నాడు. "స్కౌటు చొక్కా. పైన తొడుక్కునే ముతక బట్టలు మా దగ్గరే ఉండిపోయాయి."



ఈ దళానికి ఊరి పెద్దలు ఒప్పుకున్నప్పుడు ఒక షరతు పెట్టారు. పెద్దలంటే తెల్లవాళ్లే, వేరే చెప్పాలా? తాళ్లకు ముళ్లు వేసుకోండి, మంటలు వేసుకోండి, ఆ చొక్కాలు మాత్రం ఊళ్లో కనబడకూడదన్నారు. "కనబడితే చొక్కాతో సహా కాల్చేస్తాం," అని పెట్రోలు బంకు డ్యూయీ గ్రిమ్స్ పదిమందిలో అన్నాడు. వేళాకోళానికి అన్నాడని ఎవరూ అనుకోలేదు. అందుకే పిల్లలు ముతక బట్టలు పైన తొడుక్కుని, ఊరు దాటి అడవిలో పడ్డాకే వాటిని విప్పేవాళ్లు.

ఎల్లిస్ చొక్కా అయితే మరీను. అది రూఫస్ సైన్యం చొక్కా. ఫ్రాన్సులో యుద్ధం చేసి, దాన్నే తొడుక్కుని రూఫస్ రైలు దిగాడు. దిగిన చోటే, పెళ్లాం చూస్తుండగా, కొందరు తెల్లవాళ్లు చుట్టూ మూగి, నల్లవాడికి సైన్యం చొక్కా ఏమిటని దాన్ని విప్పించారు. వాళ్లలో గ్రిమ్స్ ఒకడు. దాన్ని చంకలో పెట్టుకుని బనీనుతో ఇంటికి నడిచొచ్చిన మనిషి ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. కొడుకు స్కౌటులో చేరతానని గోల పెడితే, లవీనియా పెట్టె అడుగునుంచి దాన్ని తీసి, కత్తిరించి, వాడి కొలతకు కుట్టింది. అలా కుట్టినందుకు ఇప్పుడు తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

"పొద్దున వాణ్ణి ఏమైనా అన్నారా?" అని అడిగింది.

"తిట్టడమెందుకమ్మా, మెచ్చుకున్నా. రెండే అగ్గిపుల్లలతో తడి కట్టెల్ని రాజేశాడు. మెచ్చుకోలు బిళ్ల ఇచ్చి నేనే చొక్కాకి గుచ్చా. మీ నాన్న చూస్తే మురిసిపోయేవాడురా అన్నా. అంతే."

"అంతేనా," అంది లవీనియా.

రూఫస్‌ని మట్టిలో పెట్టిన రోజున ఎల్లిస్‌కి ఆరేళ్లు. నాన్న ఇంటికెళ్లాడని అందరూ అంటున్నారే, మరి ఇంట్లో లేడేమని కొంగు పట్టుకుని ఒకటే నస. ఏడవలేక, దేవదారు చెట్టు కింద మట్టి దిబ్బను చూపించి, అదే ఇల్లురా కన్నా అంది తను.

"బండి తియ్యండి," అంది. "వాడు వాళ్ల నాన్న దగ్గరికెళ్లాడు."

శ్మశానం పెట్రోలు బంకు దాటాక ఉంది. వేరే రోడ్డు లేదు. బంకు ముందు బల్ల మీద గ్రిమ్స్, ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. పక్కనే ఇనప పీపాలోంచి నల్లటి పొగ లేస్తోంది. బండిలోకి గుడ్డ కాలిన కంపు గుప్పుమని కొట్టింది.

"ఆపండి," అంది లవీనియా. "మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటా, ఆపండి. అందులో ఏం కాలుతుందో చూడాలి."

"ఆపితే వాణ్ణి మనమే పట్టిచ్చినట్టు అవుతుంది. అటు చూడకు చెల్లెమ్మా." ఆయన ఒంటిమీదా స్కౌటు చొక్కాయే, మెడదాకా బిగించిన నల్లకోటు కింద. ఆ పీపా కనుమరుగయ్యేదాకా ఆమె ఊపిరి బిగపట్టే కూర్చుంది. నూనెగుడ్డలే కావచ్చు. కాకపోవచ్చు కూడా.

దేవదారు చెట్టు కింద ఎల్లిస్ నిలబడి ఉన్నాడు. మెడలో రుమాలు, ఛాతీ మీద బిళ్ల. తండ్రి సమాధి మీద రాళ్లు గుండ్రంగా పేర్చి, మధ్యలో పెట్టడానికి ఒక రాయి చేతిలో పట్టుకున్నాడు.

లవీనియా బండి దిగి ముందు ఒక్కటి అంటించింది. ఆ తర్వాత వాడి ఎముకలు విరిగేటట్టు వాటేసుకుంది.

"చచ్చినోడా, ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్లేదమ్మా, ఏటి వెంబడే వచ్చా." వాడికి తల్లి భయం అంతుపట్టలేదు. "గుర్తు పెట్టాను కదా. ఇంటికెళ్లానని."

"విప్పు. ముందు ఆ చొక్కా విప్పు."

వాడు కదల్లేదు. గుండీలు ఆమే తీయబోయింది. సైన్యం గుండీలు, అవే. ఆవేళ రైలు దగ్గర ఎవడి వేళ్లు వీటిని తీశాయో ఆమెకు బాగా గుర్తుంది. రెండు తీసేసరికి రోడ్డు మీద లారీ చప్పుడయింది.

"టైము లేదు," అన్నాడు టాటమ్ గారు, వెనక తలుపు తెరుస్తూ. "పడుకోబెట్టు. నువ్వూ ఎక్కు. తెరలు లాగు."

శవపేటిక పెట్టే చోట ఎల్లిస్ వెల్లకిలా పడుకున్నాడు. ఈసారి నాలుక బయటపెట్టలేదు. లవీనియా వాడి పక్కనే నేలమీద కూర్చుని, నోటి మీద చెయ్యి పెట్టింది. లారీ ఆగకుండా పోయింది. అయినా బండిని ఉరికించడానికి వీల్లేదు. శవాల బండి పరుగెత్తితే ఎవడికైనా అనుమానమే కదా. పాపం టాటమ్ గారు దాన్ని పెళ్లినడక నడిపించాడు. బంకు ఎంతకీ రాదు. వచ్చాక ఎంతకీ దాటదు.

తెర సందులోంచి లవీనియాకి బల్ల కనిపించింది. నలుగురూ లేచి నిలబడ్డారు. అయిపోయింది అనుకుంది. కొడుకు మీదికి వంగి ఒంటితో కప్పేసింది. గ్రిమ్స్ చెయ్యి పైకి లేచింది. లేచి, తలమీది టోపీ తీసి, గుండెకు ఆనించుకుంది. మిగతా ముగ్గురూ అలాగే చేశారు. తెరలు మూసిన శవాల బండి ఎదురైతే లోపల ఎవరని అడక్కుండా టోపీ తీయడం అక్కడి మర్యాద.

బంకు వెనకబడ్డాక ఆమె చెయ్యి తీసింది.

"అమ్మా, నీ చేతి సందులోంచి నేనూ చూశా," అన్నాడు వాడు గుసగుసగా. "గ్రిమ్స్ టోపీ తీశాడు. నాన్న చొక్కాకేనా?"

"కాదురా. నువ్వు చచ్చిపోయావనుకుని తీశాడు."

వాడు ఛాతీ మీది బిళ్లను తడుముకున్నాడు.

"నాన్న పోయినప్పుడు తీశాడా?"

"తీశాడు."

విప్పిన గుండీలు రెండూ లవీనియా మళ్లీ పెట్టింది.

"కదలకు," అంది. "ఇంటికి చేరేదాకా అలాగే పడుకో."