మలుపు దగ్గర కూత

రిటైరై ఏడేళ్లయినా వీధిలో అందరికీ ఆయన డ్రైవర్‌గారే. ఆయన నడిపిన రైలే ఇప్పుడు లేదు. సముద్రం పక్కనుంచి వెళ్లే ఆ ఒంటి లైను మూసేసి, పట్టాలు పీకి, నున్నగా తారు పోసి సైకిళ్లకు వదిలేశారు. ఊళ్లో సైకిలున్న ప్రతివాళ్లూ ఒక్కసారైనా ఆ దారిన వెళ్లొచ్చారు, డ్రైవర్‌గారు తప్ప. మోకాళ్లకు మంచిదని డాక్టరు సైకిలు తొక్కమంటే, వీధి కుక్కలతో తగువులాడుతూ ఇంటి చుట్టే తిరిగాడు గానీ అటు తల తిప్పలేదు.

దానికో కారణం ఉంది. పద్దెనిమిదేళ్ల కిందట ఓ వాన ఉదయం, కొండను తొలిచి వేసిన మలుపు తిరగ్గానే ఇంజను కింద ఏదో నలిగింది. బండి ఆపి దిగి చూస్తే సైకిలు. తొక్కిన మనిషి జాడ లేదు. పక్కన సముద్రం ఎగిరెగిరి పడుతోంది. రెండు రోజులు వెతికారు, ఏమీ దొరకలేదు. మా మనిషి కనబడటం లేదని ఎవరూ రాలేదు కూడా.

మలుపుకు ముందు ఒక పసుపు బోర్డు ఉంటుంది. అది కనబడగానే డ్రైవరు కూత వేసి తీరాలి. వేశారా అని విచారణలో అడిగితే ఆయనకు ఎంతకీ గుర్తు రాలేదు. చేతిలో ఫ్లాస్కు ఉంది, మూత బిగిస్తున్నాడు, అంతవరకే గుర్తుంది. అసిస్టెంటు మాత్రం "వేశారండీ, నా చెవులతో విన్నాను" అని సంతకం పెట్టేశాడు. బయటికొచ్చాక, "నేను వెనక ఇంజను గదిలో ఉన్నా కదన్నా, ఆ మోతలో ఏం వినపడుద్ది? మీకేం కాకూడదని చెప్పా" అన్నాడు. ఆ మంచితనమే డ్రైవర్‌గారి కొంప ముంచింది. కూత వేయలేదేమో, ఒక ప్రాణం తన ఫ్లాస్కు మూత కింద పోయిందేమో అన్న అనుమానం ఆ రోజు లోపలికొచ్చి కూర్చుంది, మళ్లీ లేవలేదు. సైకిలు సంగతి భార్యకు చెప్పాడు గానీ కూత సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ భార్య యాభై ఎనిమిదో ఏట సైకిలు నేర్చుకుంది. బడిలో పిల్లలకు ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, అనుకున్నది చేయకుండా వదలదు. "మీరు రాకపోతే నేనొక్కదాన్నే సముద్రం దారిన వెళ్తా. పడ్డానంటే మీదే పూచీ" అంది. చేసేది లేక ఆయనా కదిలాడు.

తీరా దారెక్కాక డ్రైవర్‌గారి నోరు ఆగలేదు. ఇక్కడ స్పీడు ముప్ఫై దాటకూడదు, ఈ వంతెన మీద బ్రేకు వేయకూడదు అంటూనే ఉన్నాడు. కిలోమీటరు రాయి కనబడ్డ ప్రతిచోటా వాచీ చూసుకున్నాడు. "రెండు నిమిషాలు లేటు" అన్నాడు.

"పట్టాలు పీకేసి ఆరేళ్లయింది. ఇంకా లేటేంటండీ, ఎవరు దిగాలిప్పుడు?"

"ఈ దారిలో వంద అడుగులకి ఒక్క అడుగే ఎత్తు. తేలిగ్గా తొక్కొచ్చు."

"నా మోకాళ్లకి మీ లెక్క రాదు గానీ, మెల్లిగా రండి."

ఎండ ఇంకా ముదరలేదు. ఎడమవైపు నీళ్లు రాళ్లను తడిపి వెనక్కి పోతున్నాయి. మనుషులెవరూ లేరు. ఇంత బాగుంటుందని తెలిస్తే ముందే వచ్చేవాణ్ణి కదా అనుకున్నాడు, అంతలోనే కొండ కనబడింది. దాని ముందు పసుపు బోర్డు. రంగు వేసి అలంకారంగా ఉంచేశారు. వెనక్కి తిరుగుదామని పిలవబోయాడు గానీ, భార్య అప్పటికే మలుపులోకి వెళ్లిపోయింది. చూపు నేలకేసి తొక్కుకుంటూ పోయాడు.

అవతల ఆమె విసుక్కుంది. "అంత గట్టిగా బెల్లు కొట్టాలా? హడలిపోయాను."

"నేను కొట్టలేదే!"

"మరి దయ్యం కొట్టిందా?"

వేళాకోళం ఆడుతోందనుకున్నాడు. ఆ కంగారులో చెయినూ ఊడింది. నయం, పాత రైల్వే గేటు గది పక్కనే ఉంది. ఇప్పుడది సైకిలు షాపు. నలభై దాటిన ఒకావిడ చేతులకు గ్రీజుతో బయటికొచ్చి, "కూర్చోండి బాబాయిగారూ, రెండు నిమిషాల పని" అని సైకిలు తిరగేసింది.

కూర్చున్న డ్రైవర్‌గారికి గోడ మీద ఒక వంకర హ్యాండిల్ కనబడింది. ఆకుపచ్చ పిడులు, ఒకటి సగం తెగి ఉంది. దాన్ని ఆయన తన చేతులతో ఇంజను కిందినుంచి లాగాడు.

ఆయన చూపు పసిగట్టి ఆవిడ నవ్వింది. "అదా? నాదే. రైలు తినేసింది. అప్పుడు ఆస్పత్రిలో ఆయాని. డ్యూటీకి ఆలస్యమైతే పట్టాల పక్కనుంచి అడ్డదారిలో వచ్చేదాన్ని. ఆ రోజు పట్టాలు దాటుతుంటే చక్రం సందులో ఇరుక్కుంది. కొత్త సైకిలు, వదలబుద్ధి కాక లాగుతూ ఉన్నా."

"తర్వాత?" అంది భార్య.

"వదిలేసి తుప్పల్లోకి దూకా పిన్నిగారూ. పట్టాల మీదికొస్తే జైలంటారని భయం, అటునుంచటే పారిపోయా. నెల్లాళ్లయ్యాక వచ్చి ఈ గేటుకీపరు తాతని బతిమాలి దీన్ని తెచ్చుకున్నా. చెప్పొద్దని ఒట్టేయించుకున్నా."

డ్రైవర్‌గారు లేచి నిలబడ్డాడు. "అమ్మా, కూత వినపడిందా నీకు?"

"భలేవారే! ఆ వానలో, ఆ అలల హోరులో అది తప్ప ఇంకేం వినపడుద్ది? మలుపు అవతలే కూతేశాడు మహానుభావుడు. అది విన్నా కాబట్టే దూకా."

డ్రైవర్‌గారు మళ్లీ కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. పద్దెనిమిదేళ్ల బరువు ఒక్కసారిగా దిగితే మనిషి నిలబడలేడు. ఆవిడ కంగారుగా నీళ్లు తెచ్చింది. ఆయనే ఆ డ్రైవరని భార్య చెప్పింది. తనకు తెలియని కూత సంగతి అప్పుడు మొగుడి నోట విని, "ఇన్నేళ్లూ నాకు చెప్పకుండా ఒక్కరే మోశారా?" అని ముందు కోప్పడింది, తర్వాత తనూ కళ్లు తుడుచుకుంది.

షాపావిడకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "బతికే ఉన్నానని ఒక్క ముక్క చెప్పాల్సింది బాబాయిగారూ. మిమ్మల్ని ఇంత క్షోభ పెట్టానని తెలీదు."

"బతికున్నావుగా తల్లీ, చాలు" అన్నాడాయన. ఆ మాట మూడుసార్లు అన్నాడు.

తిరుగు దారిలో భార్య ముందు, ఆయన వెనక. గాలి ఎదురొస్తున్నా కాళ్లు తేలిగ్గా ఆడుతున్నాయి. చూద్దాం, మలుపు దగ్గర నిజంగా నేనే కొడతానేమో అనుకున్నాడు. తిరుగు దిశలో వచ్చే బండి కోసం కొండకు ఈ వైపున కూడా ఓ పసుపు బోర్డుంది. కానీ ఇంటికెళ్లగానే అసిస్టెంటుకు ఫోను చేసి వాణ్ణి ఎలా తిట్టాలా అన్న ఆలోచనలో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

బెల్లు గణగణమని మోగింది. ఉలిక్కిపడి చూసుకుంటే బొటనవేలు బెల్లు మీదే ఉంది, బోర్డు పక్కనుంచి వెళ్లిపోతోంది.

ముందు వెళ్తున్న భార్య, వెనక్కి తిరిగి చూడకుండానే, పక్కకు తప్పుకుంది.